ఏ తరంగానికి ఎంత భయపడాలి?

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు కోస్తా జిల్లాలోని ఒక పాఠశాలలో పదో తరగతి, ఇంటర్ విద్యార్థులనూ వాళ్ల తల్లిదండ్రులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం.

పిల్లలూ, తరంగాల పాఠం మీ అందరికీ వచ్చు. పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్ని అలలన్న లెక్కను, తరంగదైర్ఘ్యంతో, అంటే ఒక అల పొడవుతో గుణిస్తే వేగం వస్తుందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పరీక్షలో దాని మీద ఒక లెక్క వస్తుంది, ఒక పటం వస్తుంది, ఉపయోగాలు, నష్టాలు రాయమని ఒక ప్రశ్న వస్తుంది. పట్టిక బట్టీపట్టి రాసేసి పుస్తకం మూసేస్తాం. నా బాధ అక్కడే. నా ఉద్యోగమంతా ఫిజిక్స్ చెప్పడంలోనే గడిచింది. ఆ పాఠం పరీక్ష హాల్లోనే ఆగిపోవడం చూస్తూ వచ్చాను.

ఊళ్లో సెల్ టవర్ పెడుతున్నారంటే రోడ్డెక్కుతాం. అదే రోడ్డు మీద డీజే బాక్సుల ముందు చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడతాం. ఎక్స్-రే అంటే జడుస్తాం, అవసరం లేదని డాక్టరు చెప్పినా సీటీ స్కాన్ తీయించమని బతిమాలతాం. భయపడాల్సిన చోట ధైర్యంగానూ, ధైర్యంగా ఉండాల్సిన చోట భయంగానూ ఉంటున్నాం. ఏ తరంగానికి ఎంత భయపడాలో తేల్చుకోవడానికి కావలసిన సరుకంతా మీ పాఠంలోనే ఉంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

సముద్రం దగ్గరుండే వాళ్లం కాబట్టి నీళ్లతోనే మొదలుపెడతాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం. ఉదయం 6 గంటల 28 నిమిషాలకు ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున భూమి కంపించింది. తీవ్రత 9.1. దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున నేల చీలి, సముద్రపు అడుగు కొన్ని మీటర్లు ఎగదన్నింది. రెండు గంటలు దాటాక ఆ అలలు మన తీరాన్ని కొట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా పోయారు. తమిళనాడులో వేలల్లో పోయారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిపితే రెండు లక్షల పైచిలుకు ప్రాణాలు.

సుమత్రా దగ్గరి నీళ్లు బందరు దాకా రాలేదు. అక్కడి నీళ్లు అక్కడే పైకి లేచి కిందికి దిగాయి, కాస్త ముందుకూ వెనక్కూ కదిలాయి. ప్రయాణం చేసింది శక్తి. తరంగం పదార్థాన్ని మోసుకుపోదు, శక్తిని మోసుకుపోతుంది అని మీ పుస్తకంలో ఒక వాక్యం ఉంటుందే, ఆ వాక్యం బరువు ఎంతో ఆ ఆదివారం తెలిసింది.

సునామీ వేగానికి లెక్క సులువు. సముద్రం లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీయండి. బంగాళాఖాతంలో 3,000 మీటర్ల లోతున్న చోటు తీసుకుందాం. త్వరణాన్ని పది అనుకుంటే గుణకారం 30,000, వర్గమూలం 173. సెకనుకు 173 మీటర్లు, అంటే గంటకు 620 కిలోమీటర్లు. అదే అల ఒడ్డు దగ్గర 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి? పది పదులు వంద, వర్గమూలం పది. గంటకు 36 కిలోమీటర్లకు పడిపోయింది.

ఇప్పుడు వక్రీభవనం పాఠం గుర్తు తెచ్చుకోండి. కాంతి గాలిలోంచి గాజులోకి వెళ్లినప్పుడు వేగం మారుతుంది, పౌనఃపున్యం మారదు. సముద్రపు అలకూ అదే నియమం. వేగం పదిహేడో వంతుకు తగ్గింది, పౌనఃపున్యం తగ్గలేదు, కాబట్టి తరంగదైర్ఘ్యం పదిహేడో వంతుకు కుంచించుకుపోవాలి. నడిసముద్రంలో వందల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న శక్తి పాతిక, ముప్ఫై కిలోమీటర్లలో ఇరుక్కుంటుంది. ఇక పైకి లేవడం తప్ప దానికి దారి లేదు. భూకంపం వచ్చిన రెండు గంటల తరువాత జేసన్-1 అనే ఉపగ్రహం ఆ అల మీదుగా వెళ్తూ ఎత్తు కొలిచింది. నడిసముద్రంలో సుమారు 60 సెంటీమీటర్లే. లోతు నీళ్లలో వేటకు వెళ్లిన పడవ కింద నుంచి అంత శక్తి పోతున్నా పడవలో ఉన్నవాళ్లకు తెలియదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వాళ్ల మీద అది గోడై పడుతుంది.

ఇక్కడ ఇంకో తరంగం మనకు సాయం చేస్తుంది. భూకంపం పుట్టినచోటి నుంచి నేల లోపల కూడా తరంగాలు బయలుదేరతాయి. ముందుగా వచ్చేవి పి తరంగాలు, ధ్వనిలాగే ముందుకూ వెనక్కూ తోసుకుంటూ సాగే అనుదైర్ఘ్య తరంగాలు. వెనకాల వచ్చేవి ఎస్ తరంగాలు, అవి అడ్డంగా ఊగుతూ సాగే తిర్యక్ తరంగాలు. 1897 అస్సాం భూకంపం రికార్డులను చదివి వీటిని విడదీసి చూపించినవాడు మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్. భూమికి ఒక కేంద్రకం ఉందని 1906లో ఇలాంటి తరంగాలతోనే ఆయన తేల్చాడు. మనిషి పన్నెండు కిలోమీటర్లకు మించి భూమిలోకి తవ్వలేకపోయాడు. ఆరు వేల కిలోమీటర్ల లోతున ఏముందో మాత్రం తరంగాలే చెప్పాయి.

పి తరంగాలు సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లెక్కన వస్తాయి. సుమత్రాలో బయలుదేరితే ఐదు నిమిషాల్లో హైదరాబాద్‌లో ఉంటాయి. సునామీకి రెండు గంటలకు పైగా పడుతుంది. ఆ మధ్యలో ఉన్న సమయమే మనకు దొరికే ప్రాణదానం. 2004లో దాన్ని వాడుకునే ఏర్పాటు మనకు లేదు. 2007 అక్టోబర్ నుంచి హైదరాబాద్‌లో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తోంది. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాలకే తీవ్రత లెక్కకడతారు, సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు అల నిజంగా కదిలిందో లేదో చెబుతాయి.

తీరం దగ్గర ఉండే పిల్లలు ఒక సంగతి మరిచిపోవద్దు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ బీచ్‌లో ఆ రోజు టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండ్ పాప ఉంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసింది. అంతకు రెండు వారాల ముందే బళ్లో సునామీ పాఠం విన్నది. అమ్మానాన్నలను పట్టుబట్టి ఒప్పించింది, బీచ్‌లో ఉన్న వందమంది దాకా బతికి బయటపడ్డారు. సముద్రం ఒక్కసారిగా వెనక్కి వెళ్తే గవ్వలు ఏరుకోవడానికి పరుగెత్తకండి, ఎత్తైన చోటికి పరుగెత్తండి. మొదటి అల వచ్చి పోయిందని సామాన్లు చూసుకోవడానికి వెనక్కి రాకండి. సునామీలో ఒక అలకూ ఇంకో అలకూ మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా ఎడం ఉంటుంది. రెండోది మొదటిదానికన్నా పెద్దదై రావచ్చు.

ఇక ధ్వని. ఈ విషయంలో నాకు కోపం కూడా ఉంది, దాచుకోను.

గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో బాలాహిస్సార్ మీద వినిపిస్తుంది. టూరిస్టులు కొట్టి చూసి మురిసిపోతారు. వంపు తిరిగిన కప్పు ధ్వనిని పరావర్తనం చేసి ఒక దిక్కుకు పోగేస్తుందని ఆ కట్టినవాళ్లకు అనుభవంతో తెలుసు. అంత చిన్న చప్పుడును అంత దూరం పంపగలిగిన నేల మీద, ఈరోజు పెళ్లి ఊరేగింపయినా, నిమజ్జనమయినా, చివరికి పుట్టినరోజయినా చెవులు చిల్లులు పడేదాకా బాక్సులు పెడుతున్నాం.

డెసిబెల్‌ను మీటరు, కిలో లెక్కన చూడకండి. 10 పెరిగితే శక్తి పది రెట్లవుతుంది. 20 పెరిగితే వంద రెట్లు, 30 పెరిగితే వెయ్యి రెట్లు. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 డెసిబెల్స్. డీజే బాక్సు ఎదుట 110 ఉంటే యాభై ఎక్కువ, అంటే చెవిలోకి దూరే శక్తి లక్ష రెట్లు. అరవైకి నూటపది రెట్టింపు కూడా కాదు కదా అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

వినికిడి నిపుణులు వాడే ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగం చేసుకుంటూ పోవాలి. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర ఒకటి, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. మరి 110 దగ్గర? లెక్క వేయండి. రెండు నిమిషాలు కూడా రాదు. ఊరేగింపు మూడు గంటలు సాగుతుంది.

చెవి లోపల కోక్లియాలో పదిహేను వేల దాకా సన్నటి రోమకణాలు ఉంటాయి. గాలిలోని కంపనాన్ని నరాలకు తెలిసే సంకేతంగా మార్చేవి అవే. పెద్ద చప్పుడుకు అవి వంగిపోతాయి, విరిగిపోతాయి, చచ్చిపోతాయి. పక్షులకయితే మళ్లీ పుడతాయి. మనిషికి పుట్టవు. పుట్టినప్పుడు వచ్చినవాటితోనే చివరిదాకా గడపాలి. ఊరేగింపు నుంచి ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమని మోత వినిపిస్తే అది తెల్లారేసరికి తగ్గిపోవచ్చు, కానీ దెబ్బ తగిలిందని శరీరం మీకు చెప్పినట్టే. నెలల పిల్లలు నాకు చెవి నొప్పిగా ఉందని చెప్పలేరు. అమ్మలారా, ఇది మీకు చెబుతున్నాను. బాక్సుల దగ్గరికి వాళ్లను తీసుకెళ్లకండి. వెళ్లక తప్పకపోతే దూరంగా నిలబడండి. దూరం రెట్టింపయితే ఆరుబయట శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది.

వీధి చివర డీజే మోగుతుంటే ఇంట్లో మీకు పాట వినిపించదు, దబ్ దబ్ అనే దెబ్బ మాత్రమే వినిపిస్తుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? పాటలోని సన్నటి స్వరం, 3,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 3,000 కంపనాలు అనుకుందాం, దాని తరంగదైర్ఘ్యం 11 సెంటీమీటర్లు. గోడ దాన్ని ఆపేస్తుంది. 50 హెర్ట్జ్ దెబ్బకు తరంగదైర్ఘ్యం దాదాపు ఏడు మీటర్లు. అది మీ ఇంటికన్నా చిన్నదేం కాదు. గోడ అంచుల చుట్టూ తిరిగి వస్తుంది, గోడనే ఊపుతుంది, తలుపులు, స్టీలు గిన్నెలు మోగుతాయి, గుండెల మీద తెలుస్తుంది. వివర్తనం గురించి పరీక్షలో అడిగితే రాస్తారు కదా, అర్ధరాత్రి మంచంలో నిద్రపట్టని గుండె జబ్బు మనిషిని తాకుతున్నది ఆ వివర్తనమే. చట్టం లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదు. ఆసుపత్రికీ బడికీ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. వీటిని అడిగి అమలు చేయించుకునే హక్కు మనది.

మనిషి చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వని అల్ట్రాసౌండ్. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్‌లో 35 లక్షల హెర్ట్జ్ దాకా వాడతారు, ఇంకా ఎక్కువ కూడా. అంత ఎందుకు? ఒంట్లో ధ్వని సెకనుకు 1,540 మీటర్లు పోతుంది. భాగిస్తే తరంగదైర్ఘ్యం అర మిల్లీమీటరు లోపు వస్తుంది. తరంగదైర్ఘ్యం కన్నా చిన్న వివరాన్ని ఆ తరంగం పట్టుకోలేదు. బిడ్డ వేళ్లు లెక్కపెట్టాలంటే తరంగం అంత చిన్నదై ఉండాలి. పొట్ట మీద జెల్ పూయడం కూడా తరంగాల కోసమే. పరికరానికీ చర్మానికీ మధ్య గాలి ఉంటే ధ్వని దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది.

స్కానింగ్ తరంగాలకు కణాలను చీల్చే శక్తి లేదు. డాక్టరు చెప్పినన్నిసార్లు తీయించుకోవడానికి తల్లులు భయపడనక్కర్లేదు. కానీ ఈ దేశంలో ఈ తరంగం చేసినంత నష్టం ఇంకోటి చేయలేదేమో. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని చూసి చంపేశారు. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే 2001 నాటికి 927కి పడిపోయారు, 2011లో ఇంకా తగ్గారు. 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం తెచ్చింది అందుకే. ప్రతి స్కానింగ్ సెంటర్‌లో గోడ మీద బోర్డు ఉంటుంది. తరంగాల నష్టాల పట్టికలో ఇది కనబడదు. నా మాటగా మీరు రాసుకోండి.

ఇప్పుడు విద్యుదయస్కాంత తరంగాలు. రేడియో, మైక్రోవేవ్, పరారుణ కిరణాలు, కంటికి కనిపించే వెలుగు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్, గామా. అన్నీ శూన్యంలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లే వెళ్తాయి. అన్నీ ఒకే జాతివి, తేడా పౌనఃపున్యంలో ఉంది. ఇలాంటివి ఉండాలని మాక్స్‌వెల్ లెక్క వేసి చెప్పాడు, 1887లో హెర్ట్జ్ ప్రయోగశాలలో పుట్టించాడు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ వాటిని గోడల గుండా పంపి అవతల గంట మోగించాడు, తుపాకీమందు పేల్చాడు.

వీటి ప్రమాదం తేల్చడానికి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. దయచేసి వీటిని కలపకండి, ఊళ్లో సగం గందరగోళం ఈ రెండూ కలిపేయడం వల్లే. కాంతి శక్తి విడివిడి భాగాలుగా వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఒక్కో భాగం ఒక ఫోటాన్. మొదటి ప్రశ్న, ఒక్కో ఫోటాన్‌లో ఎంత శక్తి ఉంది? ఇది పౌనఃపున్యం చెబుతుంది. రెండో ప్రశ్న, మొత్తం ఎన్ని ఫోటాన్లు వచ్చి పడుతున్నాయి? ఇది తీవ్రత చెబుతుంది.

మన కణాల్లోని డీఎన్ఏ దెబ్బతినాలంటే ఒక్క ఫోటాన్‌లోనే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ఇంత చిన్న శక్తులను కొలిచే కొలమానం ఎలక్ట్రాన్ వోల్టు. కనిపించే వెలుగులో రెండు, మూడు ఉంటుంది. అతినీలలోహితంలో అంతకన్నా ఎక్కువ. ఎక్స్-రేలో వేలు, పదివేలు. 2 గిగాహెర్ట్జ్ సెల్‌ఫోన్ ఫోటాన్‌లో ఎంత? ఒక ఎలక్ట్రాన్ వోల్టును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా ఉండదు. ఈ హాల్లో వెలుగుతున్న ట్యూబ్‌లైట్ ఫోటాన్ దానికన్నా రెండు, మూడు లక్షల రెట్లు బలమైనది. కొబ్బరికాయను వేలితో వెయ్యిసార్లు తట్టినా పగలదు, ఒక్కసారి రాయికేసి కొడితే పగులుతుంది. రేడియో, మైక్రోవేవ్ తరంగాలు వేలితో తట్టేవి. ఎక్స్, గామా రాయికేసి కొట్టేవి. ఆ రెంటికీ మధ్య సరిహద్దు అతినీలలోహితం దగ్గర ఉంది.

అలాగని బలహీనమైన ఫోటాన్లు ఏమీ చేయవని కాదు. లెక్కలేనన్ని వచ్చి పడితే వేడి పుడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ పని అదే. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజినీరు రాడార్ గొట్టం దగ్గర నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిపోయింది, అక్కడి నుంచి పుట్టింది ఈ ఓవెన్. ఇంట్లో ఉంటే ఒక ప్రయోగం చేయండి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. తిరిగే పళ్లెమూ దాని కింది చక్రాలూ తీసేసి, బోర్లించిన గాజు పళ్లెం మీద పచ్చి అప్పడాలు పరిచి కొద్ది సెకన్లు పెట్టండి. కొన్ని చోట్ల పొంగుతాయి, కొన్ని చోట్ల పచ్చిగా ఉంటాయి. తరంగాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదానితో ఒకటి కలవడం వల్ల ఏర్పడిన స్థిర తరంగం అది. పొంగిన రెండు చోట్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల దాకా వస్తుంది, తరంగదైర్ఘ్యంలో సగం. రెట్టింపు చేసి ఓవెన్ వెనక రాసి ఉండే 2,450 మెగాహెర్ట్జ్‌తో గుణించండి. కాంతి వేగం మీ వంటింట్లో వస్తుంది.

ఓవెన్‌లో పెట్టిన అన్నం రేడియోధార్మికం అవదు. వేడెక్కుతుంది, అంతే. తలుపుకున్న జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, 12 సెంటీమీటర్ల తరంగం అందులోంచి బయటికి రాలేదు. తలుపు వంగిపోయినా సరిగా మూసుకోకపోయినా మాత్రం వాడకండి. వేడిని తీసుకుపోయే రక్తప్రసరణ కంటి కటకంలో లేదు, ముందు దెబ్బతినేది అదే. పసిబిడ్డ పాలసీసా అందులో వేడి చేయకండి. ఇందాక అప్పడంలో చూసినట్టే పాలలోనూ ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట నోరు కాలేలా ఉంటుంది.

ఇంచుమించు ఇదే పొడవున్న తరంగాలు, పది సెంటీమీటర్లవి, మచిలీపట్నం, విశాఖ తుపాను రాడార్లలో వాడతారు. వాన చినుకుల మీద పడి వెనక్కి వచ్చిన తరంగం పౌనఃపున్యంలో తేడాను బట్టి గాలి మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత వేగంతో అన్నది తెలుస్తుంది. ఇదే డాప్లర్ ప్రభావం. అదంటే రైలు కూత లెక్క ఒక్కటే అనుకోకండి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద నేరుగా విరుచుకుపడితే మన రాష్ట్రంలో మరణాలు పదుల్లో ఆగాయి. ఉపగ్రహాలు, రాడార్లు ముందే చెప్పాయి, జనాన్ని ముందే తరలించారు.

అతినీలలోహిత కిరణాల గురించి ఒక్క మాట, వెల్డింగ్ షాపుల ముందు నిలబడే పిల్లల కోసం. ఆర్క్ వెలుగులో ఈ కిరణాలు దండిగా ఉంటాయి. చూస్తున్నప్పుడు నొప్పి ఉండదు, అదే దాని మోసం. కొన్ని గంటలు గడిచాక, చాలాసార్లు అర్ధరాత్రి, కళ్లు తెరవలేనంత మంట, నీళ్లు కారడం మొదలవుతుంది. మామూలు నల్ల కళ్లద్దాలు సరిపోవు, వెల్డింగ్ కోసం చేసిన అద్దమే ఉండాలి. షాపులో పనిచేసే అన్నలకు కూడా చెప్పండి, చేతిలో అద్దం ఉండి కూడా టాక్, అంటే చిన్న అతుకు వేసేటప్పుడు తీసేస్తారు. గ్రహణం చూడటంలోనూ ఇదే జాగ్రత్త. కంటి రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోయాక చూపు పోయిందని మాత్రమే తెలుస్తుంది. ఇదే అతినీలలోహిత కిరణం మీ ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్‌లో క్రిముల డీఎన్ఏను పాడుచేసి నీళ్లు శుభ్రం చేస్తోంది. క్రిమికి చేసిందే మన చర్మానికీ చేస్తుంది.

ఎక్స్-రే. 1895 నవంబర్ 8న రాంట్‌జెన్ కనిపెట్టాడు, ఆరేళ్లకే ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది. మొదట్లో దాన్ని వింతగా చూశారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రోజూ తన చేతినే కిరణాల ముందు పెట్టి పరికరాన్ని పరీక్షించేవాడు. చేతులు పుండ్లు పడి, క్యాన్సరయి, రెండు చేతులూ తీసేసినా 1904లో చనిపోయాడు. ఆ తరువాత ఎడిసన్ ఎక్స్-రేల జోలికే వెళ్లలేదు.

ఈరోజు ఛాతీ ఎక్స్-రే ఒకసారి తీస్తే ఒంటికి అందేది 0.1 మిల్లీసీవర్ట్ లోపే. మిల్లీసీవర్ట్ అంటే ఒంటికి అందిన రేడియేషన్‌కు కొలత. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రకృతి సిద్ధంగా ఏడాదికి సగటున 2.4 అందుతూనే ఉంది. కాబట్టి డాక్టరు రాసిన ఎక్స్-రేకు భయపడకండి. ఛాతీ సీటీ స్కాన్ మాత్రం వేరు, ఒక్కసారికి ఐదు నుంచి ఏడు మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. అది కూడా ఎక్స్-రేనే అని చాలామందికి తెలియదు. కోవిడ్ రోజుల్లో టెన్షన్‌తో, ఎవరూ రాయకుండానే, వారం తిరక్కుండా రెండోసారి సీటీ తీయించుకున్నవాళ్లున్నారు. అవసరమైతే అది ప్రాణం కాపాడుతుంది, వెనకాడకూడదు. మన తృప్తి కోసం అడిగి తీయించుకునేది కాదు. పెద్ద చప్పుడు చేసి భయపెట్టే ఎంఆర్ఐలో ఉన్నవి అయస్కాంతం, రేడియో తరంగాలు. అందులో ఎక్స్-రే లేదు. దాని ప్రమాదం వేరే రకం, ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నా, గదిలోకి ఇనుప వస్తువు తీసుకెళ్లినా.

గామా కిరణాలతో క్యాన్సర్ కణితులను కాలుస్తారు. 2010లో ఢిల్లీలోని మాయాపురిలో గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం తుక్కులోకి వచ్చింది. అదేమిటో తెలియక విడదీశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. పసుపు రంగు మీద మూడు రేకుల గుర్తు కనిపిస్తే ముట్టుకోవద్దని పాత ఇనుము కొనేవాళ్లకు బళ్లో పిల్లలే చెప్పాలి.

నా మాటలు అయ్యాయి. ప్రశ్నలు అడగండి.

(ఒక తల్లి: "సార్, మా ఇంటి పక్క మేడ మీద టవర్ పెట్టారు. పిల్లలకు ఏమన్నా అవుతుందా?")

అమ్మా, మంచి ప్రశ్న. భయం మీ తప్పు కాదు, ఎవరూ మీకు లెక్క చెప్పలేదు. ఇందాకటి రెండు ప్రశ్నలే అడుగుదాం. ఒక్కో ఫోటాన్‌కు డీఎన్ఏను తెంచే బలం లేదు. ఇక మొత్తం ఎంత పడుతోంది? 2012 సెప్టెంబర్ 1 నుంచి మన ప్రభుత్వం అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతించింది. 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు ఒక వాట్ కన్నా తక్కువ. మధ్యాహ్నపు ఎండలో మన మీద పడేది వెయ్యి వాట్లు. టవర్ యాంటెన్నా తరంగాలను ఎదురుగా దూరానికి పంపుతుంది, దాని కింద ఉన్న ఇంటి మీద పడేది ఇంకా తక్కువే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి జాబితాలో పెట్టింది, నిజమే. క్యాన్సర్ తెస్తుందని రుజువైనవి పెట్టే జాబితా అది కాదు. ఆధారాలు పరిమితంగా ఉన్నవి, ఇంకా చూడాల్సినవి అందులో ఉంటాయి.

ఇంకో సంగతి చెబుతాను, దీన్ని చాలామంది ఆలోచించరు. మీ ఫోన్ కూడా ఒక చిన్న టవరే, అది మీ చెవికి ఆనుకుని ఉంటుంది. టవర్ దగ్గరుంటే ఫోన్ మెల్లగా మాట్లాడుతుంది. టవర్ దూరమైతే, సిగ్నల్ బలహీనమైతే, ఫోన్ తన శక్తిని ఎన్నో రెట్లు పెంచుకుంటుంది. టవర్‌ను వీధి నుంచి తరిమేస్తే తలకు తగిలే తరంగాలు తగ్గవు, ఫోన్ నుంచి పెరుగుతాయి. అదీ శరీర కణజాలం కిలోకు 1.6 వాట్లు అని ప్రభుత్వం పెట్టిన పరిమితికి లోబడే ఉంటుంది, కంగారు అక్కర్లేదు. టవర్ విషయంలో మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ మేడ అంత బరువు మోయగలదా, తుపాను గాలికి ఆగుతుందా, జనరేటర్ పొగ, మోత మీ కిటికీలోకి వస్తోందా. వాటిని మాత్రం గట్టిగా అడగండి. పిల్లల విషయానికొస్తే, సిగ్నల్ ఒక్క గీత చూపించే గదిలో ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి, సౌండ్ సగానికి మించి పెంచొద్దని చెప్పండి.